పెళ్ళింటికి తీసుకుపోని మూట

అంబమ్మకు కోపమొస్తే మగ్గం గుంటలో కూచున్న మనిషి కూడా కాళ్ళు పైకి తీసుకుంటాడని ఎమ్మిగనూరులో చెప్పుకునేవాళ్ళు. ఉత్తమాట కాదు. నలభై ఏండ్లు మగ్గానికి నూలు కండెలు చుట్టి చుట్టి ఆమె చెయ్యి ఎంత గట్టిపడిందో, నోరు అంతకు రెండింతలు గట్టిపడింది. మొగుడు పోయి, కొడుకు శివయ్య మగ్గం పట్టినా ఇంట్లో మాట ఆమెదే.

మనవడు ఉరుకుందు ఏడాదిన్నర పిల్లోడు. వాణ్ణి ఊరు దాటించాలంటే ముందురోజే అంబమ్మ పని మొదలయ్యేది. కొర్రలు దోరగా వేయించి, వేరుశెనగ బుడ్డలు వేయించి పొట్టు ఊది, పుట్నాలు కలిపి మెత్తగా దంచి జల్లెడ పట్టేది. జల్లెడలో నిలిచింది మళ్ళీ దంచేది. బెల్లం, చుక్క నెయ్యి వేసి, నోట్లో పెడితే కరిగిపోయే చిన్న ఉండలు చేసి తెల్లగుడ్డలో మూట కట్టేది. బస్టాండులో అమ్మే రంగు బిళ్ళలు, ఈగలు వాలిన బూంది పేరు ఆమె ముందు ఎత్తినారో, అయిపోయినారే! "దవడపండ్లు రాని బిడ్డకు గింజ పెట్టేటోళ్ళ సేతులు ఇరగ్గొట్టాల" అనేది. అంత కోపమెందుకని ఎవరూ అడగలేదు. ఆమె నోటికి భయపడి ఊరుకునేవాళ్ళు.

డెబ్బై తొమ్మిదిలో ఆదోనిలో పెళ్ళి వచ్చింది. కోడలు సుంకమ్మ మేనమామ ఈరప్ప కూతురి పెళ్ళి. అంబమ్మ మూట కడతాంటే శివయ్య అడ్డం తగిలినాడు.

"పెళ్ళింటికి కూడు మోసుకుపోతారా యాడన్నా? మీ ఇంట్లో తినేదానికి లేదని ఈరప్ప మామ మొగం మీద అన్నట్టే గదమ్మా!"

"వాళ్ళ వంట నువ్వు తినప్పా, నేనూ తింటా. వీడు తినలేడు" అని అంబమ్మ మూట సంచిలో కుక్కింది.

ఆదోనిలో పందిట్లో కూచున్నాక బిడ్డ ఆకలికి ఏడుపు అందుకున్నాడు. అంబమ్మ సంచిలో చెయ్యి పెడితే మూట లేదు. శివయ్య అటు తిరిగి కూచున్నాడు.

"యాడరా మూట?"

"ఇంట్లోనే తీసిపెట్టినా."

"పసిబిడ్డ నోటికాడి కూడు తీసిపెట్టినావా? నువ్వు మనిషివేనా?"

"అరవద్దమ్మా, సుంకమ్మ వాళ్ళు వింటాండారు."

అంబమ్మకు ఒళ్ళు మండిపోయింది. బిడ్డను కొడుకు ఒళ్ళో పడేసి, పండ్లు కొరుక్కుంటా వంటలకాడికి పోయింది. ఇంత మెత్తటి అన్నం అడిగి, పాలు పోసి పిసికి గిన్నెలో తెచ్చేసరికి బిడ్డ ఏడుపు ఆగిపోయి ఉంది. నోరు తెరిచే ఉంది, సద్దు లేదు. పెదాలు నల్లబడతాండాయి. వాని చేతిలో సగం కొరికిన బుడ్డల ఉండ. ఈరప్ప అక్క ఉచ్చీరమ్మ, ఏడ్చే బిడ్డను చూడలేక పెట్టింది. శివయ్య చూస్తానే ఉన్నాడు.

గిన్నె కింద పడింది. అంబమ్మ బిడ్డను లాక్కుని, తొడమీద బోర్లా వేసి, తల కిందికి వంచి, వీపున రెక్కల మధ్య అరచేత్తో కొట్టింది. ఒకటి. రెండు. మూడు. నాలుగో దెబ్బకు గింజ ఊడి చాపమీద పడింది. బిడ్డ కెవ్వుమన్నాడు. ఆ కేక విని సుంకమ్మ పరుగెత్తుకొచ్చి కూలబడింది.

"తెలీక పెట్టినా అంబమ్మా" అనింది ఉచ్చీరమ్మ.

"నీకు తెలీదు తల్లీ. వీనికి తెలుసు! రోజూ సెప్తానే ఉన్నా గదరా, సెవులు యాడ పెట్టుకున్నావు?"

"పెద్దామె ప్రేమగా పెడతాంటే ఎట్ల వద్దనేదమ్మా? మర్యాద..."

ఆ మాట పూర్తి కాలేదు. చెంప పేలింది. పందిరంతా ఇటు తిరిగింది. ఈరప్ప వచ్చి "వదినా, నలుగురిలో..." అన్నాడు.

"నలుగురూ వినండి! ఏం, వింటే తప్పా?" అంబమ్మ గొంతు పగిలిపోతాంది. "శివా, నీకు ముందు పుట్టినోడు జొరమొచ్చి పోయినాడని సెప్పినా గదా. అబద్ధం! పుట్నాల గింజ గొంతుకు అడ్డంపడి పోయినాడు. మా అత్త పుట్టింటోళ్ళ పెళ్ళిలో, ఇట్లాంటి పందిట్లోనే. ఆ ఇంటి పెద్దామె పెడతాంటే నేను బిడ్డనెత్తుకుని లెయ్యబోతే, మర్యాద కాదు కూచోమని మీ నాయన కండ్లతోనే సెప్పినాడు. నా బిడ్డను మర్యాదకు ఇచ్చినా!"

శివయ్య "నాయన ఎంత పని చేసినాడమ్మా" అన్నాడు.

"మీ నాయననంటావేందిరా? ఆయప్ప అంత దూరంలో మగోళ్ళతో కూచోనుండె. బిడ్డ నా వొళ్ళోనే ఉండె. నా చెయ్యి ఖాళీగానే ఉండె." ఏడ్చే ఉరుకుందును గట్టిగా ఎదకు అదుముకుంది. "కూచోమంటే కూచున్నది నేనురా."