గెతా ఎవరు

కుసునోకి మసాయాకి ఇరవై రెండో ఏట మోకాలు పోయింది. కోబే రేవులో ఓడలు కట్టే కంపెనీ ఫుట్‌బాల్ జట్టుకి ఎడమవైపు ఆడేవాడు. ఒక ఆదివారం వానలో బంతి కోసం మళ్లబోతే ఒళ్లు తిరిగింది గానీ కాలు బురదలోనే ఉండిపోయింది. ఆరు నెలలు మంచం. జట్టులో చోటు లేదని అతనికి ఎవరూ చెప్పలేదు. చూడ్డానికి వెళ్లిన రోజు తన నంబరు వేరేవాడి వీపు మీద కనబడింది, అంతే.

మంచంలో ఉన్నన్నాళ్లూ బొమ్మలు గీశాడు. ఒకటే బొమ్మ, వందలసార్లు. పరిగెత్తేవాడు మళ్లేటప్పుడు ముందు ఏది కదులుతుంది? కాలు కాదు, కళ్లూ కాదు. భుజం. మళ్లబోయే వైపు భుజం రవ్వంత దిగుతుంది, మిగతా ఒళ్లు దాని వెనక వస్తుంది. ఇది తెలుసుకోవడానికి అతనికి ఒక మోకాలు ఖర్చయింది.

ఆ నోటుపుస్తకాలు పట్టుకునే సుమా రైలు స్టేషను పక్కన వీడియో గేములు చేసే కంపెనీలో చేరాడు. ఫుట్‌బాల్ విభాగంలో అయిదుగురు. అప్పటిదాకా వచ్చిన ఫుట్‌బాల్ గేముల్లో ఆటగాళ్లు ఇస్త్రీపెట్టెలు జరిగినట్టు జరిగేవాళ్లు. కుసునోకి గీసిన మనుషులకి మొదటిసారి బరువొచ్చింది. జారితే నొప్పి తెలిసేది. గీసింది అతను, యంత్రానికి నేర్పింది హిరబయాషి అనే కుర్ర ప్రోగ్రామరు. గేము పేరు ‘లాస్ట్ విజిల్’.

హిరబయాషి మాటకారి, చురుకైనవాడు, కుసునోకి కంటే మూడేళ్లు చిన్న. తను పరిగెత్తలేడు కనుక కుసునోకి అతన్ని పరిగెత్తించేవాడు. మధ్యాహ్నాలు సుమా సముద్రపు ఇసుకలో హిరబయాషి పరుగు, ఒడ్డున కూచుని కుసునోకి కేకలు.

“భుజం, హిరబయాషీ, భుజం! కాలితో మళ్లుతావేంరా, బియ్యం బస్తాలాగా!”

“ఇది పదిహేడోసారి, కుసునోకి సాన్. ఆటగాడు బతుకుతాడేమో గానీ నేను పోతాను.”

“పోయేటప్పుడైనా ముందు భుజం దించు. గీసుకుంటాను.”

తొంభై అయిదు జనవరి భూకంపంలో ఆఫీసు గోడలు నోళ్లు తెరిచాయి. ఎనిమిది నెలలు రేకుల షెడ్డులో పని. డిస్కు మీద వచ్చిన రెండో ‘లాస్ట్ విజిల్’ ఆ షెడ్డులోనే తయారైంది. దాంతోనే సిరీస్ నిలబడింది. అసలు ఆటగాళ్ల పేర్లు వాడుకునే హక్కులు కంపెనీకి లేవు. అందుకని ఒక అక్షరం అటూ ఇటూ చేసి పెట్టేవాళ్లు. ముఖం వాడిదే, జుట్టు వాడిదే, పేరు మాత్రం వాడి మేనత్త కొడుకుదిలా ఉండేది. జనం నవ్వుకుని, ఇళ్లలో కూచుని ఓపిగ్గా ఆ పేర్లన్నీ సరిదిద్దుకునేవారు. ఆటగాళ్ల పేర్లు సరిదిద్దడానికి లక్షమంది దొరికారు. చేసినవాళ్ల పేర్లు సరిదిద్దేవాడు ఒక్కడూ లేకపోయాడు.

ఎందుకంటే చేసినవాళ్లవీ దొంగ పేర్లే. అసలు పేర్లు తెలిస్తే పోటీ కంపెనీలు ఎగరేసుకుపోతాయని భయం. ఆ రోజుల్లో చాలాచోట్ల అదే పద్ధతి. గేము చివర వచ్చే జాబితాలో అందరికీ మారుపేర్లు. కుంటికాలితో టకటకమని చెక్కచెప్పుల చప్పుడు చేస్తూ నడుస్తాడని కుసునోకికి ‘గెతా’, అంటే చెక్కచెప్పు, అని పెట్టారు. ‘ఆటగాళ్ల కదలిక: గెతా’. ఎవరు ఎవరో బయట చెప్పబోమని, ఇంట్లోవాళ్లకి కూడా చెప్పబోమని, తలా ఒక కాయితం మీద, అక్కడ సంతకానికి బదులు వాడే సొంత ముద్ర వేయించుకున్నారు. మిగతా నలుగురూ ఆ సాయంత్రమే పెళ్లాలకి చెప్పేశారు. మనుషులన్నాక చెబుతారు. కుసునోకి చెప్పలేదు. మాటంటే మాటే అనుకునే రకం. అలాంటివాళ్లని చూస్తే నాకు గౌరవమూ కలుగుతుంది, నెత్తిన ఒకటి మొట్టాలనీ అనిపిస్తుంది.

సిరీస్ ఏటేటా పెరిగింది. ఇంగ్లండు నుంచి, బ్రెజిల్ నుంచి ఉత్తరాలు. పత్రికల్లో ఒకటే ప్రశ్న: ఈ గెతా ఎవరు? పాత ఆటగాడంటాడొకడు, డాక్టరంటాడింకొకడు. కుసునోకి భార్య చిజురు బేకరీలో పని చేసేది. అక్కడికి రొట్టెకొచ్చే కుర్రకారుదీ అదే గోల.

“ఏమయ్యా, మీ ఆఫీసులో ఆ గెతా ఎవరో నాకైనా చెప్పు,” అనేది. “చెప్పినవాళ్లకి మెలన్ పాన్ రొట్టె ఉచితమని బోర్డు పెడతాను.”

“చెప్పకూడదే.”

“పోనీలే. ఆయనకీ పెళ్లాం ఉందా? నాలాగే రోజూ ఒక్కతే తింటోందా?”

అతను నవ్వి ఊరుకునేవాడు. ఏదో ఒక రోజు కంపెనీయే చెబుతుంది, ఆ రోజు చిజురు ముఖం చూడాలి అని ఒక్కటే ఆశ. జీతం పెరగకపోయినా, సెలవులు పోయినా ఆ ఆశ మీదే లాక్కొచ్చాడు.

తర్వాత కెమెరాలొచ్చాయి. నల్ల దుస్తులకి తెల్ల బిళ్లలంటించుకుని నిజం ఆటగాళ్లే వచ్చి పరిగెత్తితే యంత్రమే రాసుకుంటుంది. కుసునోకి బల్ల తీసేశారు. అమగసాకిలో, తిరిగొచ్చిన డిస్కులు పరీక్షించే గిడ్డంగికి పంపారు. “కొన్నాళ్లే, కుసునోకి సాన్,” అన్నాడు అప్పటికి మేనేజరైన హిరబయాషి. కొన్నాళ్లు తొమ్మిదేళ్లయ్యాయి. హిరబయాషి డైరెక్టరయ్యాడు. కుసునోకి అతన్ని ‘మీరు’ అనడం మొదలుపెట్టాడు.

ఇరవయ్యేళ్ల సంబరానికి కంపెనీ ప్రకటన చేసింది: కొత్త ‘లాస్ట్ విజిల్’లో పాతవాళ్లందరి అసలు పేర్లూ వేస్తాం. ఆ వార్త చదివిన రోజు కుసునోకి గిడ్డంగిలో డిస్కులు తుడుస్తూ ఈల వేశాడట.

నెల తర్వాత ఫైలొచ్చింది. పైన ముద్రల గళ్లు వరసగా, లోపల పేర్ల జాబితా. ‘చూసితిని’ అని అందరూ ముద్ర వేసి పక్కవాడికి పంపాలి. ఎడమ చివరి గడిలో హిరబయాషి ముద్ర అప్పటికే పడి ఉంది. ఈ ఆఫీసుల్లో ఒక మర్యాద ఉంది. హోదాలో చిన్నవాడు తన ముద్రని కాస్త ఎడమకి వాల్చి వేస్తాడు, పెద్ద ముద్రకి వంగి దణ్ణం పెడుతున్నట్టు. రాయని మర్యాద ఇంకొకటి కూడా ఉంది. పైవాడి ముద్ర పడ్డాక లోపలి కాయితాలు తిరగేస్తే ఆయన్ని అనుమానించినట్టే. పైగా ఆ పైవాడు తన చేతి కింద ఇసుకలో పరిగెత్తిన హిరబయాషి. కుసునోకి పేజీ తిప్పలేదు. ముద్ర తీశాడు, చక్కగా ఎడమకి వాల్చి వేశాడు, పక్కవాడికిచ్చాడు.

ఆ కాయితాల్లో ఏముందో పత్రికలో చదివి తెలుసుకున్నాడు. మధ్యాహ్నం గిడ్డంగి మెట్ల మీద కూచుని కొరొక్కె అనే బంగాళదుంప కట్లెట్టు కొరుకుతున్నాడు. హిరబయాషి ఫోటో పేజీ సగం ఉంది. కింద పెద్దక్షరాలు: ‘ఔను, గెతా నేనే’. సుమా ఇసుకలో ఒంటరిగా పరిగెత్తి పరిగెత్తి, మళ్లేవాడి భుజం ముందు దిగుతుందని కనిపెట్టానని చెప్పుకున్నాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ సొమ్ము మోకాలు. కుసునోకి తింటున్నది చేతిలోనే చల్లారిపోయింది.

మర్నాడు సెలవు పెట్టి పెద్దాఫీసుకి వెళ్లాడు. హిరబయాషి లేచి నిలబడి, వంగి, టీ తెప్పించాడు. మర్యాదలో లోటు రానివ్వడు.

“గెతా నేను కదా, హిరబయాషి సాన్,” అన్నాడు కుసునోకి. ఇంతకంటే గట్టిగా మాట్లాడటం అతనికి రాదు.

“మన అయిదుగురిలో ఏ పని ఎవరిదీ అని విడదీయలేం కదండీ. పరిగెత్తింది నేను. తెర మీదున్నది నా ఒళ్లే.”

“ఎక్కడ మళ్లాలో చెప్పింది నేను.”

“నిజమే. కాని జనానికి ఒక్క ముఖం కావాలి. గిడ్డంగిలో ఉన్న మనిషిని తెచ్చి నిలబెడితే, ఈయన గిడ్డంగిలో ఎందుకున్నాడని అడుగుతారు. కంపెనీకి ఎంత ఇబ్బంది?”

“నన్ను అడగాల్సింది.”

హిరబయాషి బల్ల సొరుగులోంచి ఫైలు తీసి అతని ముందు తెరిచాడు. లోపలి రెండో పేజీలోనే ఉంది: గెతా, హిరబయాషి. పైన గళ్లలో కుసునోకి ముద్ర, నీటుగా వాలి, హిరబయాషి ముద్రకి దణ్ణం పెడుతోంది.

“నెలంతా తిరిగింది కుసునోకి సాన్. మీరు ఒక్క ముక్క రాయలేదు. ఒప్పుకున్నారనుకున్నాను. నా కోసం వదులుకున్నారని ఇంటికెళ్లి ఏడ్చాను కూడా.”

అబద్ధమో నిజమో చెప్పలేం. అతని కళ్లు తడిగానే ఉన్నాయి. నమ్మించి గొంతు కోసేవాడి కన్నా, కోసి కూడా తను మంచివాణ్ణే అని నమ్మేవాడితో కష్టం. కుసునోకి లేచి, వంగి, టీకి థాంక్సు చెప్పి వచ్చేశాడు. దారిలో రైల్లో తన మీద తనకే అసహ్యం వేసింది.

నవంబరులో ఉద్యోగులందరికీ తలా ఒక డిస్కు పంపారు. ఆదివారం మధ్యాహ్నం చిజురు ‘కాకి’ అనే జపాను పళ్లు చెక్కు తీసి పళ్లెంలో పెట్టి, పేర్ల జాబితా పెట్టమని కూచుంది. పేర్లు పైకి పాకాయి.

“అదిగో, గెతా! ఓరినీ, హిరబయాషియా? మనింట్లో ఆక్టోపస్ కూర మూడుసార్లు అడిగి తిన్నాడే, ఆ హిరబయాషే? ఎంత గుట్టు మనిషి. చెప్పుంటే నాలుగోసారి కూడా వడ్డించేదాన్ని.”

జాబితా ఇంకా పాకింది. చిట్టచివర ‘సహకరించినవారు’ కింద మూడు వందల పేర్లు చీమల్లా బారులు తీరాయి. చిజురు లేచి తెర మీద వేలు పెట్టింది.

“వచ్చింది, చూడు! కుసునోకి మసాయా. అసలు పేరే వేశారయ్యా.” ఫోను తీసి ఫోటో తీసుకుంది. మా అక్కకి పంపుతానంది.

అది అతను భరించలేకపోయాడు. ఇన్నేళ్లు చూడాలనుకున్న ముఖం అదే, వెలుగూ అదే.

“గెతా నేనే,” అన్నాడు.

చిజురు నవ్వలేదు. అతనికి అబద్ధం రాదని ఆమెకి తెలుసు. పళ్లెం పక్కకి జరిపి కూచుంది. అతను ఫైలు సంగతి, ముద్ర సంగతి, టీ సంగతి అన్నీ చెప్పాడు. ఆమె హిరబయాషిని తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు.

“హిరబయాషి భార్యకి తెలుసా, మొదట్నుంచీ?”

“తెలుసు.”

“అందుకా. మీ ఆఫీసువాళ్ల చెర్రీపూల పిక్నిక్‌లో నా చెయ్యి పట్టుకుని, మీ ఆయన గొప్పవాడండీ, మీరు అదృష్టవంతులు అంది. ఎగతాళి చేస్తోందనుకున్నాను. మళ్లీ ఆవిడతో మాట్లాడలేదు.”

“కంపెనీ చెప్పొద్దంది. కాయితం మీద ముద్ర వేయించుకున్నారు.”

“ఎప్పుడు వేశావు? మన పెళ్లికి ముందా, తర్వాతా?”

అతను లేచి టీవీ కట్టేశాడు. ఆమె ఎదురుచూసింది.

“తర్వాత.”

చిజురు ఫోను తీసి, అక్కకి పంపబోయిన ఫోటో చెరిపేసి, పళ్ల పళ్లెం పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.