ఊళ్లో ఏకైక డ్రైవరు

ఇరవై రెండేళ్లుగా బేకరీ వ్యాను నడుపుతున్న ఆయన లెక్క ప్రకారం, ఊరు మొత్తంలో డ్రైవింగ్ వచ్చినవాడు ఒక్కడే. ఆ ఒక్కడూ ఎవరో ఆయన భార్య రోజూ భోజనాల దగ్గర వింటూనే ఉండేది. అందుకే బేకరీ యజమాని అడ్వాన్స్‌డ్ డ్రైవింగ్ కోర్సుకు పంపితే, అక్కడివాళ్లకు పాఠం చెప్పడానికే కాబోలనుకున్నాడు.

చివరి రోజు పరీక్ష. శిక్షణ కారులో పక్కన కూర్చున్న పరీక్షాధికారిణికి ఆయన కూతురి వయసుంటుంది.

"బాబాయ్ గారూ, నడుపుతూ మీకు కనబడేదంతా పైకి చెప్పండి," అంది.

ఆయనకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్లూ ఊరికే చేస్తున్న పనికి మార్కులు కూడానా!

"అదిగో, ఆ కారువాడికి కళ్లు నెత్తికెక్కాయి. ఆ బస్సు చూడమ్మా, రోడ్డు వాళ్ల తాత వేయించినట్టు! ఆ స్కూటరతను ఫోన్లో..."

ఆమె చటుక్కున తన వైపున్న బ్రేకు తొక్కింది. కారు ముందు, జీబ్రా గీతల మీద, చేతికర్రతో ఒక పెద్దావిడ నిలబడి ఉంది.

"మరి ఈవిడ గురించి చెప్పలేదేం?"

పెద్దావిడ అవతలి గట్టు ఎక్కేదాకా మహానుభావుడు ఆవిడ వంకే చూశాడు.

పరీక్ష పోయింది.

"ఈసారి ఎవడు అడ్డమొచ్చాడు?" అంది భార్య, ఆయన ఇంట్లో అడుగుపెట్టగానే.

"ఎవరూ రాలేదు. తప్పు నాదే. వచ్చే నెల మళ్లీ వెళ్తాను."

ఆవిడ చేతిలో గరిటె పక్కన పెట్టి, దగ్గరికొచ్చి, జ్వరమేమోనని ఆయన నుదురు తాకి చూసింది.