మామూలు రోజున నిలబడ్డ రోకలి

నిన్న పొద్దున పై వాటాలోంచి ఖంగుమని ఒక చప్పుడు వచ్చింది. నంద్యాలలో ఇంటింటికీ మిక్సీలు వచ్చి ఎన్నో ఏళ్లయినా ఆ చప్పుడును నా చెవులు మరిచిపోలేదు. అడుగున ఇనుప పొన్ను వేసిన రోకలిని ఇత్తడి తాంబాళంలో దించితే వచ్చే చప్పుడది. నిన్న సూర్యగ్రహణం. కాసేపటికి పై వాటా అమ్మాయి ప్రసన్న ఫోను పట్టుకొని కిందికి దిగి వచ్చింది. అందులో ఫొటో చూపించింది: తాంబాళంలో నీళ్లు, నీళ్ల నడుమ నిటారుగా రోకలి, చుట్టూ చేతులు జోడించిన పిల్లలు. గ్రహణం పట్టినంతసేపే నిలబడుతుందట, విడవగానే పడిపోతుందట, అందరికీ పంపించిందట. ఆ అమ్మాయి మంచిదే, నా మందులు తెచ్చిపెట్టేది తనే. అయినా నాకు ఒళ్లు మండింది. ఆ మంట ప్రసన్న మీద కాదు. అది చాలా పాతది, ఆళ్లగడ్డలో అంటుకున్నది.

ఎస్తేరమ్మ టీచరు నాకు ఆళ్లగడ్డ బడిలో అయిదో తరగతి చెప్పింది. తెల్లటి నేత చీర, చేతికి వేలాడే నల్లటి మగవాళ్ల గొడుగు, కాస్త బొంగురు గొంతు. బడి వదలగానే నేరుగా గ్రంథాలయానికి పోయేది. గ్రంథాలయమంటే పెద్దదేమీ కాదు, ఒక గది, ఒక బీరువా, రెండు బల్లలు. పత్రికలు మధ్యాహ్నం బస్సులో వచ్చేవి. ఊరి పెద్దలు ఆ బల్లల మీద కూర్చొని, కొందరు పడుకొని కూడా, వాటిని చదివేవాళ్లు. ఎస్తేరమ్మ టీచరు మాత్రం బయట కిటికీ దగ్గర నిలబడాలి. లోపలివాళ్లు చదవడం అయినాక, మడిచిన పత్రికను ఊచల సందులోంచి ఇచ్చేవాళ్లు. ఆడవాళ్లు లోపల కూర్చుంటే బాగుండదన్నది పైకి చెప్పే మాట. ఆమె ఏ వాడ నుంచి వచ్చిందన్నది పైకి చెప్పని మాట. వాన పడితే చూరు నీళ్లు వీపు మీద కారుతున్నా, గొడుగును పత్రికకు పట్టి చదివేది. చదువు పట్టనివాళ్లు లోపల కునుకు తీస్తుంటే, చదువు చెప్పే మనిషి వానలో నిలబడేది. ఆ కిటికీ తలచుకుంటే ఇప్పటికీ నా పళ్లు పటపటలాడతాయి.

వారపత్రికలో విజ్ఞానానికి ఒక పుట ఉండేది. లోపలివాళ్లు దాన్ని తిరగేసి కూడా చూసేవాళ్లు కాదు, అందుకే నలగకుండా ఆమె చేతికి వచ్చేది. మరుసటి రోజు ఆ పుట మా తరగతికి వచ్చేది. మంచు ఎందుకు కురుస్తుందో, గబ్బిలం చీకట్లో గోడకు ఎందుకు గుద్దుకోదో నేను మొదట విన్నది ఆమె నోట్లోంచే. చెప్పి ఊరుకునేది కాదు. పత్రికలో ఉంది గదా అని నమ్మొద్దనేది. చేసి చూడగలిగినదాన్ని చేసి చూడాలనేది. జవాబు తెలియకపోతే, నాకూ తెలియదు, చదివి చెప్తా అనేది. పెద్దవాళ్లు ఆ మాట అనగా నేను అంతకుముందు వినలేదు.

పందొమ్మిది వందల యాభై ఐదులో సూర్యగ్రహణం వచ్చింది. అది ఎందుకు పడుతుందో ఆ వారం పత్రికలో బొమ్మలు వేసి మరీ రాశారు. కానీ గ్రహణమని గ్రంథాలయానికే తాళం వేశారు. పచ్చడి జాడీల మీద వేసినట్టు బీరువా మీద, పత్రికల కట్ట మీద దర్భలు పరిచి మరీ తాళం వేశారు. గ్రహణం అంటే ఏమిటో చెప్పే కాగితానికి గ్రహణం పట్టకుండా కాపాడిన ఊరు మాది. బడికి సెలవిచ్చారు. దేవుళ్ల విగ్రహాలు చెక్కే శిల్పుల ఇళ్ల దగ్గర ఉలి చప్పుడు ఆగిపోయింది. మా జేజి, నాయనను కన్న తల్లి, తలుపులన్నీ మూసి, తాంబాళంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టింది. అది నిలబడింది. గ్రహణం విడిచిందని ఎవరో వీధిలో కేకేయగానే జేజి గబగబా వచ్చి దాన్ని తీసి మూలకు ఆనించింది. వంట మొదలుపెట్టాలి కదా, రోకలి పడేదాకా ఆగే తీరిక ఎవరికుంది?

మరునాడు తరగతిలో ఆ సంగతి గొప్పగా చెప్పాను. టీచరు నవ్వలేదు, కోప్పడలేదు. నా దగ్గరికి వచ్చి, "నిన్న నిలబడింది, సరే ఓబులమ్మా. ఈ పొద్దు పెట్టి చూసినావా?" అంది. చూడలేదన్నాను. బడి పక్కింట్లోంచి రోకలి, పళ్లెం తెప్పించింది. నన్నే పెట్టమంది. రెండుసార్లు ఒరిగింది, మూడోసారి నిలబడింది. ఆకాశంలో సూర్యుడు నిండుగా వెలుగుతున్నాడు. టీచరు పొన్ను చదునుగా ఉంది చూడమంది, అంతకు మించి ఒక్క మాట చెప్పలేదు. దేవుడి ఊసు ఎత్తలేదు, మా దేవుడిదీ కాదు, తన దేవుడిదీ కాదు.

ఆ సాయంత్రం మేమంతా ఇళ్లకు పోయి రోకళ్లు నిలబెట్టాం. ముప్పు ముంచుకొచ్చింది అక్కడే. మా జేజి చేని నుంచి వచ్చి, నట్టింట్లో నిలబడ్డ రోకలిని చూసి గుండెలు బాదుకుంది. రోకలి నిలబడిందంటే గ్రహణం పట్టినట్టే. కంటికి కనబడని గ్రహణం ఏదో పట్టిందని, వండిన అన్నం, పులుసు అన్నీ పెరట్లో పారబోసి, మా అందరి నెత్తిన చన్నీళ్లు గుమ్మరించింది. మా ఒక్క ఇంట్లోనే కాదు. మా వీధి పొడుగునా రోకళ్లు నిలబడ్డాయి, వీధి పొడుగునా అన్నాలు పారబోశారు. కుక్కలకు ఆ రాత్రి పెండ్లి భోజనం. సూర్యుడు కనబడుతున్నాడా లేదా అని తలెత్తి చూసినవాళ్లు మాత్రం లేరు.

తెల్లారేసరికి తప్పంతా ఎస్తేరమ్మ టీచరుదైంది. ఆమెను గ్రంథాలయానికి పిలిపించారు. ఆ గదిలోకి ఆమెను రానిచ్చింది అదే మొదటిసారి, అదీ నిలబెట్టి అడగడానికి. టీచరమ్మే చేయించిందని చెప్పించడానికి మా నాయన నన్ను కూడా తీసుకుపోయాడు. ఆయనా ఆ బల్ల మీద కూర్చునే పెద్దల్లో ఒకడు. గ్రంథాలయానికి పెద్ద అయిన శేషన్న, మా ఇండ్లల్లో అన్నం పారబోయించినావు, పిల్లోళ్ల బుర్రలు చెడగొడతాండావు, ఏం చెప్తావు అని గద్దించాడు.

"అన్నం పారబోయమని నేను ఎవురికీ చెప్పలేదన్నా. రోకలి నిలబెట్టి చూడమన్నా. అది నిలబడింది," అంది టీచరు. "నా మాట అబద్ధమైతే ఒక రోకలి తెప్పించండి. ఈడనే పెట్టి చూస్తాం."

గదిలో అంతమంది మగవాళ్లున్నారు. ఎదురింట్లో రోకలి ఉంది, కిటికీలోంచి కనబడుతోంది కూడా. తెప్పించడానికి ఒక్కరూ నోరు తెరవలేదు. శేషన్న నా వైపు తిరిగి ఎవరు పెట్టమన్నారని అడిగాడు. "టీచరు పెట్టమనలేదు, పెట్టి చూసినావా అని అడిగింది. ఇంట్లో నేనే పెట్టినా," అన్నాను. నాయన నా చేయి గట్టిగా నొక్కాడు. ఆ రోజు నుంచి కిటికీలోంచి కూడా ఆమెకు పత్రిక ఇవ్వకూడదని తీర్మానించారు. ఆమె చర్చి పెద్దలు కూడా, ఊరితో మనకెందుకమ్మా అన్నారు గానీ ఆమె వెనక నిలబడలేదు. నెల తిరక్కముందే ఆత్మకూరు అవతల, అడవి అంచు పల్లెకు ఆమెను బదిలీ చేయించారు.

ఆ రోజు ఇంటికి వస్తూ దారిలో నాయన, "రోకలి ఎప్పుడైనా నిలబడతాది. చిన్నప్పుడు నేనూ పెట్టి చూసినా," అన్నాడు. మరి ఆడ ఎందుకు చెప్పలేదు నాయనా అన్నాను. "ఊర్లో బతకాల గదమ్మీ," అన్నాడు. మా జేజికి తెలియదు, ఆమె మీద నాకు కోపం రాలేదు. తెలిసీ బల్ల మీద కదలకుండా కూర్చున్న మా నాయన మీద వచ్చింది. నలుగురితో నారాయణ అనడం మంచితనమని నాకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. ఆ నారాయణకు ఒక మనిషి బతుకు బలైందని మాత్రం ఎవరూ చెప్పలేదు. నాయన చనిపోయి చాలాకాలమైంది, ఆయనంటే నాకు ప్రేమే. అయినా ఆ ఒక్క సంగతిలో నేను ఆయన్ని క్షమించలేదు, క్షమించాలని కూడా అనిపించలేదు.

అరవైలో నేను నంద్యాలలో మేనత్త ఇంట్లో ఉండి హైస్కూల్లో చదువుతున్నప్పుడు, బస్టాండులో ఆమె కనబడింది. అదే గొడుగు. జుట్టు నెరిసింది. ఆ పల్లెకు పత్రికలు రావట. అంగట్లో సరుకులు కట్టిచ్చిన కాగితాలను సాపు చేసి చదువుకుంటోందట. రష్యావాళ్లు ఆకాశంలోకి వదిలిన చిన్న చంద్రుడి గురించి బెల్లం పొట్లంలో సగం వ్యాసం దొరికిందట. "అది కింద పడకుండా ఎట్ల తిరుగుతాదో తక్కిన సగంలో ఉంది పాపా. ఆ సగంలో ఎవురికి ఏం కట్టిచ్చినారో ఏమో," అని నవ్వింది. మా బడి పుస్తకాల గదిలో నేను అది చదివాను. రాయి ఎంత గట్టిగా విసిరితే అంత దూరం పోయి పడుతుంది, చాలినంత వేగంగా విసిరితే అది పడుతూ ఉండగానే కింద భూమి కూడా వంగిపోతూ ఉంటుంది, అందుకే నేలను తాకదు అని చెప్పాను. ఆమె కళ్లు మూసుకొని విన్నది. "అయితే అది నిలబడల్యా. పడతానే ఉంది," అంది మెల్లగా. ఆ ముఖంలో వెలుగు చూసి నాకు సంతోషం కలగాలి. కోపమే వచ్చింది. బల్లల మీద నిద్రపోయేవాళ్లకు పత్రికలు, ఈమెకు బెల్లం మరకల కాగితమా అని. ఆత్మకూరు బస్సు వచ్చింది, ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. మళ్లీ నేను ఆమెను చూడలేదు.

తర్వాత నేనూ ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు సైన్సు చెప్పాను. పాఠాలు చాలావరకు మరిచిపోయాను. ఎవరైనా ఏ మందు గురించో, ఏ ముహూర్తం గురించో గొప్పగా చెప్పినప్పుడు నోటికొచ్చే, చేసి చూసినావా అన్న ప్రశ్న మాత్రం నాది కాదు, ఆమెది. ఆ ప్రశ్న వల్ల నాకు చుట్టాలు తగ్గారు. తగ్గితే తగ్గనీ.

నిన్న ప్రసన్నను కూడా అదే అడిగాను. రేపు గ్రహణం ఉండదు, రేపు పెట్టి చూస్తావా తల్లీ అన్నాను. ఆ అమ్మాయి ఫోను మూసుకొని పైకి వెళ్లిపోయింది. నొచ్చుకుందేమోనని రాత్రంతా అనిపించింది, అడిగినందుకు మాత్రం నేను నొచ్చుకోలేదు. ఈ పొద్దు ఎండ బాగా కాస్తోంది. ఇదంతా రాస్తూ ఇక్కడిదాకా వచ్చేసరికి పై వాటాలోంచి ఖంగుమని చప్పుడు వినబడింది.