కుడి కనుబొమ్మ

ఆ బొమ్మల కార్ఖానాలో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. మొహాలమ్మ అనేవాళ్ళు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఆవిడ పని బొమ్మలకి మొహాలు దిద్దడం. మొహాలంటే నూటొక్క రకాలనుకునేరు. ఉన్నది ఒక్కటే మొహం, నగర ద్వారం మీద నిలబడిన రాతి తల్లిది. ప్లాస్టర్ కలిపి అచ్చుల్లో పోసేవాళ్ళు వేరు, ఆరాక అంచులు గీకేవాళ్ళు వేరు. చివరికి ఆ జానెడు బొమ్మ ఆవిడ బల్ల మీదికి వస్తుంది. అచ్చులోంచి మొహం మొద్దుగా వస్తుంది కాబట్టి కళ్ళ గీతలూ, పెదవి అంచూ, పైకి లేచిన కుడి కనుబొమ్మా సూదిమొనతో ఆవిడే తేల్చాలి. రోజుకి రెండొందల బొమ్మలు. పనయ్యేసరికి ముక్కులోనూ జుట్టులోనూ తెల్లపొడి. ఆ పొడి మూలాన తన జుట్టు ఎప్పుడు నెరిసిందో ఆవిడకే తెలీదు.

అసలు సంగతేమిటంటే, ద్వారం మీది రాతి తల్లికి మొహం లేదు. వానా ఎండా కలిసి ఎప్పుడో తినేశాయి. కొత్తలో బొమ్మల్ని కూడా అలాగే నున్నగా చేస్తే ఒక్కడూ కొనలేదు. అప్పటి యజమాని, అంటే ఇప్పటి యజమాని తండ్రి, విసిగిపోయి "ఏదో ఒక మొహం పెట్టమ్మాయ్, మనిషిలా ఉంటే చాలు" అన్నాడు. ఆవిడకి అప్పుడు ఇరవై రెండేళ్ళు. అంతకు ముందు ఏడే అక్క పురిట్లో పోయింది. అక్కకి ఒక్క ఫొటో కూడా లేదు. అలాంటి రోజుల్లో ఏదో ఒక మొహం పెట్టమంటే చేతికి ఏ మొహం వస్తుంది? అక్క మొహమే వచ్చింది, కనుబొమ్మతో సహా.

ఆ కనుబొమ్మ ఊరికే లేచేది కాదు. ఎదుటివాళ్ళు అబద్ధం చెబుతున్నారని తెలిస్తే లేచేది. అక్క నోటితో పల్లెత్తు మాట అనేది కాదు. చిన్నప్పుడు గ్లాసు పగలగొట్టిన ప్రతిసారీ నేరం పిల్లి మీదికి తోసెయ్యబోయి, ఆ కనుబొమ్మ చూసి చెల్లెలు నిజం కక్కేసేది.

ఇక బొమ్మలు వేడి పకోడీల్లా అమ్ముడుపోయాయి. బడిపుస్తకం అట్ట వేసే చిత్రకారుడు ద్వారం దాకా వెళ్ళే ఓపిక లేక బొమ్మని ఎదురుగా పెట్టుకుని గీశాడు. తపాలాబిళ్ళ వేసినవాళ్ళు పుస్తకాన్ని చూశారు. కరెన్సీ నోటు వేసినవాళ్ళు బిళ్ళని చూశారు. గొర్రెదాటు అంటే అదే. ఆ తరవాత పండితులు దిగారు. లేచిన ఆ కనుబొమ్మ ఎవరికీ తలవంచని మన జాతి పౌరుషం అన్నాడొకాయన. కాదు, లోకాన్ని నిలదీసే మన వివేకం అన్నాడింకొకాయన. ఇద్దరూ పదేళ్ళు పత్రికల్లో జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. కనుబొమ్మ ఎందుకు లేస్తుందో తెలిసిన మనిషి మాత్రం కిటికీ పక్కన కూర్చుని సూదితో దాన్ని తేల్చుకుంటూనే ఉంది. ద్వారం కింద రోజూ వేలమంది నడిచేవాళ్ళు. పైకి చూస్తే కళ్ళలో ఎండ పడుతుంది. అయినా మొహం ఎలా ఉంటుందో అందరికీ ముందే తెలుసు కదా, ఇక చూడడమెందుకు?

అక్క కన్న ఆడపిల్లని ఆవిడే పెంచింది. పెళ్ళి మాటెత్తితే, ఉన్న పిల్లకి జడ వేసేసరికే తెల్లారిపోతోంది, ఇంకోటి ఎక్కడ అనేది. ఆ పిల్లకి ఇప్పుడు ముప్ఫై తొమ్మిదేళ్ళు, సిటీ బస్సులో కండక్టరు. తల్లిని చూడలేదు కాబట్టి అలమరలో ఉన్న బొమ్మే తల్లి. మూడో తరగతిలో కొత్త పుస్తకం ఇచ్చిన రోజున అట్ట మీద వేలు పెట్టి "మా అమ్మ" అందిట. "అవునమ్మా, మనందరికీ అమ్మే" అని టీచరు మెచ్చుకుని మొదటి బెంచీలో కూర్చోబెట్టింది. పిల్ల ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడ్చింది. అందరికీ అమ్మ అయితే తనకేం మిగిలిందని.

ఆ ఏడుపుని కూడా ఆవిడ పడుకునే విన్నది. పొద్దస్తమానం మొహాలు చూసి వచ్చాక ఇంట్లో ఎవరి మొహమూ చూడబుద్ధయ్యేది కాదు. కళ్ళు మండేవి. తడిగుడ్డ కళ్ళ మీద వేసుకుని పడుకుని, పిల్ల చెప్పే కబుర్లన్నిటికీ అలాగే ఊ కొట్టేది. ఆవిణ్ణి అంతకంటే ఎక్కువ తొలిచే సంగతి ఇంకొకటుంది. కళ్ళు మూసుకుంటే ఇప్పుడు అక్క కనిపించడం లేదు, బొమ్మ కనిపిస్తోంది. బొమ్మ అక్కలా ఉందో, తన జ్ఞాపకంలో అక్కే బొమ్మలా అయిపోయిందో ఆవిడే చెప్పలేకపోతోంది. అచ్చులు కూడా అరిగిపోతున్నాయి, ఏటికేడూ ఆ మొహం కొంచెం చదునవుతోంది.

అలా ఉండగా ఒకరోజు యజమాని ఒక ఆఫీసరుని వెంటబెట్టుకుని వచ్చాడు. నగర ద్వారానికి మరమ్మతులు మొదలయ్యాయి, పనివాళ్ళు ఎక్కడానికి కర్రలు కట్టారు. రాతి తల్లికి మళ్ళీ మొహం చెక్కాలని అందరూ కోరుతున్నారట. కానీ రూలు ఒప్పుకోదు, పాత మొహం ఎలా ఉండేదో ఆధారం కావాలి.

"మీ బొమ్మే ఆధారమమ్మా" అన్నాడు ఆఫీసరు. మనిషి మంచివాడే, చంకలో ఫైలుతో నిద్రలేనట్టున్నాడు. "రాయి అరగకముందు తీసిన పాత అచ్చు చూసి ఈ మొహం చేశామని మీరొక సంతకం పెడితే చాలు. అప్పటివాళ్ళలో మీరొక్కరే ఉన్నారు."

"పాత అచ్చు ఉండేది కదా, మా నాన్న చెప్పేవాడు" అన్నాడు యజమాని, ఆవిడ వైపు చూడకుండా.

ఆవిడ చేతిలో సూది పక్కన పెట్టింది. సంతకం పెడితే అక్క మొహం రాయిలో నిలబడిపోతుంది. అచ్చులు అరిగినా, తను పోయినా, ఇంకో మూడొందల ఏళ్ళు ఉంటుంది. పెట్టకపోతే అక్క ఎక్కడా మిగలదు.

"రేపు చెప్తాను బాబూ" అంది.

ఆ సాయంత్రం తడిగుడ్డ కింద నుంచే సంగతంతా చెప్పింది. అక్క కూతురు బూట్లు విప్పుతున్నది ఆగిపోయింది.

"పెట్టెయ్ పిన్నీ. ఎవరి సొమ్మేం పోయింది? అమ్మకంటూ ఈ ఊళ్ళో ఒక గుర్తు ఉంటుంది."

"పాత అచ్చేమీ లేదే."

"లేదని ఎవరికి తెలుసు?"

బస్సు దుమ్ము కొట్టుకుపోయిన ఆ గొంతులో ఇన్నేళ్ళలో వినని ఆశ ఆవిడకి వినిపించింది. ఈ పిల్ల తననెప్పుడూ ఏదీ కావాలని అడగలేదు. మొదటిసారి అడుగుతోంది.

పొద్దున్నే కాగితం తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆవిడ కలం తీసుకుంది. సంతకం పెడదామనే తీసుకుంది, అందులో అబద్ధం లేదు. కానీ కిటికీ దగ్గర నిన్న దిద్దిన బొమ్మలు ఆరుతున్నాయి. రెండొందల బొమ్మలు, రెండొందల కనుబొమ్మలు, అన్నీ ఆవిడ వైపే. వాటిని అలా లేపి పెట్టింది తనే, ఇప్పుడు ఎవరిని తిట్టుకుంటుంది? అరవై ఏళ్ళొచ్చినా గ్లాసు పగలగొట్టిన పిల్లలాగే అయిపోయింది.

"పాత అచ్చు లేదు బాబూ. అది మా అక్క మొహం" అంది.

యజమాని తల పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆఫీసరు చాలాసేపు ఒక బొమ్మని చేతిలో తిప్పి తిప్పి చూశాడు.

"మా ఇంట్లో కూడా ఉందమ్మా ఇది. చిన్నప్పుడు దీన్ని చూస్తే భయమేసేది." ఫైలు మూశాడు. "ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"ఎవరూ అడగలేదు."

ఆయన ఫైల్లో 'ఆధారం లేదు' అని మాత్రం రాశాడు, అక్క సంగతి ఎక్కడా రాయలేదు. రాతి తల్లి మొహం నున్నగానే ఉండిపోయింది. బొమ్మలు ఎప్పటిలాగే పోతపోశారు, ఆవిడ ఎప్పటిలాగే దిద్దింది. అక్క కూతురు వారం రోజులు ముక్తసరిగా మాట్లాడింది. ఆవిడకి అది సమంజసంగానే తోచింది. నిజం చెప్పినందుకు మనసు తేలికపడుతుందంటారు గానీ, ఆవిడకి పడలేదు. అక్కని తనే రెండోసారి పోగొట్టినట్టుంది.

కర్రలు విప్పేసిన ఆదివారం అక్క కూతురే వచ్చి చెయ్యి పట్టుకుంది. "పద పిన్నీ, చూసొద్దాం. నువ్వు అటు వెళ్ళి ఎన్నేళ్ళయింది?"

ద్వారం ముందు జనం. కడిగిన రాయి తేనెరంగులో మెరుస్తోంది. ఒకాయన కొడుకుని భుజాల మీద ఎక్కించుకుని చూపిస్తున్నాడు. "అదిగో కనుబొమ్మ, చూశావా? ఎంత స్పష్టంగా ఉందో. శుభ్రం చేశాక తేలింది." పక్కనున్నవాళ్ళు అవునవునన్నారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది.

మొహాలమ్మ కూడా కళ్ళద్దాలు తుడుచుకుని చూసింది. కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టి చూసింది. వాన తిన్న రాయి. అంతమందిలో ఏమీ కనిపించనిది ఆవిడ ఒక్కదానికే.

"నీకు కనిపిస్తోందా పిన్నీ?"

ఈ పిల్ల అడిగిన ఒక్కటీ ఇవ్వలేకపోయింది. ఈ మాటైనా ఇద్దామనిపించింది.

"కనిపించకేం? అచ్చం అక్కే."

ఆ మాట అని ఆవిడ పక్కకి తిరిగింది. తడిగుడ్డ లేదు, బల్ల లేదు, పట్టపగటి వెలుగులో చేతికందే దూరంలో అక్క కూతురి మొహం ఉంది. ఏమీ అనకుండా ఆవిడ వైపే చూస్తోంది. కుడి కనుబొమ్మ పైకి లేచి ఉంది.

ముప్ఫై తొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో ఉండి చూడలేదే అని ఆవిడకి ఏడుపొచ్చింది.

"ఎప్పటినుంచే అది?" అంది.

"ఏది పిన్నీ?" అంది అక్క కూతురు.