పంచాంగం ప్రకారం మారిపోయాం

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలం కాదు. హైటెక్ సిటీ వైపు మెట్రో రైలు అప్పుడప్పుడే మొదలై, జనం రైలెక్కడం కన్నా ఎస్కలేటర్ మీద ఫొటోలు దిగడం ఎక్కువగా ఉన్న రోజులు. నాకు కొత్తగా ఉద్యోగం వచ్చి, మెడలో ఐడీ కార్డు స్నానానికి తప్ప తీయని రోజులు. ఆ ఏడాది ఆఫీసులో నేనేం వెలగబెట్టానో ఒక్కటీ గుర్తు లేదు గానీ, సొంత ఇంట్లో నెలకు పైగా చుట్టాల్లా బతకడం మాత్రం పగటికలలా ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల వెనక సందులో, లిఫ్టు లేని బిల్డింగులో మూడో అంతస్తు మాది. నాన్న గుంటూరు జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి కొనుక్కున్న ఇల్లు, నేను పుట్టి పెరిగిన ఇల్లు. మధ్యాహ్నం పూట ఎదుటి బిల్డింగులోంచి పాఠం చెప్పే సారు మైకు గొంతు, కింద బజ్జీల బండి మీద కాగే నూనె వాసన, బాల్కనీ గ్రిల్లులోంచి పడే ఎండ చారలు, అన్నీ కలిసి జోకొట్టినట్టుండేది. మా నాయనమ్మ మోకాళ్ళు మొరాయించి కిందికి దిగడం మానేసి చాలా కాలమైంది. బాల్కనీలో కుర్చీ వేసుకుని సందులోకి చూస్తూ, "ఆ ఎర్రచొక్కా అబ్బాయికి ఇంకా ఉద్యోగం రాలేదే అమ్మలూ, పాపం" అనేది (అతనెవరో మాకు తెలీదు, ఆవిడకూ తెలీదు). ఒక్కోసారి మాత్రం, "చూడ్డానికి ఊరంతా ఉంది, మాట్లాడ్డానికి ఒక్కళ్ళు లేరు" అని కళ్ళు ఒత్తుకునేది. అందుకే నాన్న ఈ ఇల్లు అమ్మి, యూసుఫ్‌గూడలో లిఫ్టు ఉన్న అపార్టుమెంటు కొనాలని నిశ్చయించాడు. నాయనమ్మ దానికీ ఏడ్చింది. "నా మోకాళ్ళ కోసం ఇల్లమ్ముతావురా? ఇక్కడ కనీసం ఎర్రచొక్కా అబ్బాయైనా ఉన్నాడు. అక్కడ నన్నెవరు ఎరుగుదురు?" అంది.

ఇల్లు అమ్మకానికి సిద్ధం చేయడమంటే పిల్లను పెళ్ళిచూపులకు ముస్తాబు చేసినట్టే. అమ్మ గ్యాసు గట్టు తోమి తోమి అరగదీసింది. నాన్న హాల్లో చెమ్మ మరకకు రంగు వేయించి, అది మళ్ళీ పైకి తేలేసరికి దాని మీద పెద్ద క్యాలెండరు తగిలించాడు. ఎవరు చూడ్డానికొచ్చినా నాయనమ్మ మంచినీళ్ళిచ్చి, "ఆ క్యాలెండరు వెనక చెమ్మ ఉంది బాబూ, చూసుకోండి" అనేది. అలా ముగ్గురో నలుగురో మెట్లు దిగిపోయారు. చివరికి ఎర్రమంజిల్ ప్రభుత్వ క్వార్టర్సులో ఉండే ఒకాయన వచ్చాడు. ఇంకో ఏడాదిలో రిటైరై క్వార్టరు ఖాళీ చేయాలట. నాయనమ్మ మాట విని ఆయన పకపకా నవ్వి, "గా చెమ్మ సంగతి అమ్మేటోళ్ళే చెప్పుడు నేను యాడ సూడలె సార్. గీ అమ్మ మాట మీదనే తీసుకుంటున్న" అన్నాడు. మేమాయనకు క్వార్టర్స్ అంకుల్ అని పేరు పెట్టుకున్నాం. రిజిస్ట్రేషన్ కూడా చకచకా అయిపోయింది.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. మూఢం వస్తోందన్నారు పంతులుగారు. మూఢంలో ఇల్లు మారకూడదు. ఆ లోపల మారదామంటే యూసుఫ్‌గూడ ఇంటికి రంగులు కాలేదు, లిఫ్టు ఉండాల్సిన చోట గొయ్యి ఉంది. నాన్న తల పట్టుకుంటే పంతులుగారు తాపీగా, "ఏమీ కంగారు లేదండీ. మూఢం రాకముందే అక్కడ పాలు పొంగించి, దేవుడి పటం, చాప, బిందెడు నీళ్ళు పెట్టి వచ్చేయండి. మారినట్టే లెక్క. సామాను ఎప్పుడు తోలుకుంటే ఏం?" అన్నారు. క్వార్టర్స్ అంకుల్‌కు వాళ్ళ గుడి అయ్యగారు కూడా సరిగ్గా ఇదే ఉపాయం చెప్పాడు. ఇద్దరికీ ముహూర్తం ఒకటే. అలా ఒకే ఉదయం మేం యూసుఫ్‌గూడలో సిమెంటు బస్తాల మధ్య పాలు పొంగించాం, వాళ్ళు అమీర్‌పేటలో మా పొయ్యి మీద పాలు పొంగించారు ("పెద్ద బర్నరు సరిగ్గా మండదు, చిన్నది వాడుకోండి" అని అమ్మ ముందే చెప్పి పెట్టింది).

మెట్లు దిగలేని నాయనమ్మ వాళ్ళకు తలుపు తీయడానికి ఇంట్లోనే ఉండిపోయింది. మేం తిరిగొచ్చేసరికి ఆవిడ ఎప్పుడూ కూర్చునే కుర్చీలో లేదు. గుమ్మం పక్కన స్టూలు అంచున, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దేవుడి అరలో మా వెంకటేశ్వరస్వామి బదులు వాళ్ళ కొమురవెల్లి మల్లన్న వెలిగిపోతున్నాడు. "ఇలా కూర్చున్నావేంటమ్మా?" అన్నాడు నాన్న. "మనం మారిపోయాం కదరా! పరాయి వాళ్ళింట్లో కాళ్ళు బారజాపుకుని కూర్చుంటామా?" అంది నాయనమ్మ.

అక్కణ్ణుంచి మొదలైంది మా అతిథి జీవితం. నాన్న పేపరు చదువుతూ తల గోడకానిస్తే, "వాళ్ళ గోడకు నూనె మరక చేస్తావేంట్రా?" అని కేక. అమ్మ పోపు పెడితే, వాళ్ళ వంటగది మసిబారుతుందని గోల. ఇంటి నిండా అట్టపెట్టెలు, సగం సామాను లోపల, సగం బయట. ఆ ఇల్లు చట్టం ప్రకారం వాళ్ళది, వస్తువుల ప్రకారం మాది, పంచాంగం ప్రకారం మేమసలు అక్కడ లేము. పొద్దున్నే లేచి కిటికీలోంచి చూస్తే, వదిలేసి వెళ్ళిన చోటికి కల్లో వచ్చినట్టుండేది. అంత ముద్దుగా ఆ ఇల్లు నాకు ఎప్పుడూ కనిపించలేదు.

నవ్వులాటకు అంతా బాగానే ఉంది గానీ, నాయనమ్మ ఒక చోట మాత్రం గట్టిగా పట్టుబట్టింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి తన దేవుడికి దీపం వెలగనిదే ఆవిడ కాఫీ ముట్టదు. ఆ దేవుడేమో ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఉన్నాడు. అందుకని ఆఫీసుకు వెళ్ళే నాకు ఆ డ్యూటీ పడింది. పొద్దున్నే మెట్రో ఎక్కి యూసుఫ్‌గూడలో దిగి, దీపం పెట్టి, ఇంటికి ఫోన్ చేసి "వెలిగింది నాయనమ్మా" అంటే, అక్కడ స్టవ్ మీద డికాక్షన్ కదిలేది. నువ్వుల నూనె సీసా నా లాప్‌టాప్ సంచిలోనే ఉండేది. అది ఒకరోజు ఒలికింది. ఆ వారమంతా మీటింగుల్లో నా చుట్టుపక్కల వాళ్ళకు ఆకలేసింది. మా టీమ్ లీడర్ మొహమాటపడుతూనే, "ఏమైనా పచ్చడి తెచ్చారా?" అని అడిగాడు.

ఇటు నుంచి నేను వెళ్తుంటే అటు నుంచి ఇంకొకరు వచ్చేవారు. క్వార్టర్స్ అంకుల్ వాళ్ళ అమ్మ. ఆయన అవ్వా అని పిలిచేవాడు గనక మాకూ అవ్వే. తన మల్లన్నకు దీపం పెట్టుకోవడానికి రోజూ బస్సులో వచ్చి, మూడంతస్తులూ చకచకా ఎక్కేసేది. ఇద్దరిదీ ఒకటే వయసు. నాయనమ్మ ఆవిడ మోకాళ్ళ వంక అసూయగా చూసేది. మొదటి రోజు ఇద్దరూ హాల్లో నిలబడే ఉన్నారు.

"కూర్చోండి వదినగారూ, మీ ఇల్లు" అంది నాయనమ్మ.

"గిదేంది అక్కా, నువ్వు నిలబడితె నేనెట్ల కూసుంట? నీ ఇల్లే గాదా?"

"ఇప్పుడెక్కడిదండీ? మేం మారిపోయాం."

"మారినోళ్ళు గిట్ల ఎదురుంగ నిలబడ్తరా? జర కూసో అక్కా, కాళ్ళు గుంజుతయి."

చివరికి ఇద్దరూ ఒకేసారి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చున్నారు (కాఫీ చల్లారిపోయింది, అమ్మ మళ్ళీ కాచింది). ఆ తర్వాత దీపానికొచ్చిన అవ్వ మధ్యాహ్నం దాకా కదిలేది కాదు. పంజాగుట్టలో ఏ కొట్టు మూశారు, క్వార్టర్సులో ఎవరి కోడలు అలిగింది, సందు చివర కొత్తగా ఏం తవ్వుతున్నారు, అంతా మోసుకొచ్చి నాయనమ్మ ముందు పోసేది. ఎర్రచొక్కా అబ్బాయి సంగతీ తేల్చింది. "గా పిలగాడు కోచింగుకు రాలే అక్కా. గా మూల మీది చాయ్ హోటల్ ఆయనదే!" నాయనమ్మ చాలాసేపు నవ్వి, చాలాసేపు నమ్మలేదు.

మూఢం ఇంకా పోలేదు గానీ లిఫ్టు వచ్చింది. సామాను లారీకెక్కించే రోజు నాయనమ్మ మెట్లు దిగాలి. ఒక పక్క నేను, ఒక పక్క అవ్వ. "ఫికర్ చెయ్యకు, పైలంగ పెట్టు కాలు" అంటూ మలుపు మలుపునా కూర్చోబెట్టింది అవ్వ. కూర్చున్నప్పుడల్లా ఇద్దరికీ ఏదో మాట గుర్తొచ్చేది. వెనక ఫ్రిజ్జు మోస్తున్నవాళ్ళు, "అమ్మా, జర జరుగుండ్రి" అని మొత్తుకుంటూనే ఉన్నారు. కిందికి దిగాక నాయనమ్మ బజ్జీల బండి ముందు ఆగిపోయింది. "ఇంత పెద్దదా ఇది? పైనుంచి అగ్గిపెట్టెంత కనిపించేది" అంది. ఆ వెంటనే అవ్వ చెయ్యి పట్టుకుని భోరుమంది. "రేపట్నుంచి నాకు మాట్లాడ్డానికి ఎవరున్నారు వదినగారూ?"

"గదేం మాట? నెల దినాలు నీ ముంగట నా దేవునికి దీపం పెట్టిన. ఇగ నీ దేవుణ్ణి నేను జూడొద్దా?" అంది అవ్వ.

ఊరికే అన్న మాట అనుకున్నాం. వారం తిరక్కుండానే యూసుఫ్‌గూడలో దిగింది. తీరా వచ్చాక లిఫ్టు ఎక్కనంది. "గా డబ్బల నేనెక్క. నడుమల ఆగితె?" అని కింద వాచ్‌మన్ బల్ల మీద కూర్చుంది. నాలుగంతస్తులు ఎక్కుతానంటే వాచ్‌మన్ భయపడి ఎక్కనివ్వలేదు. సంగతి తెలిసి నాయనమ్మ చీర సర్దుకుని, "పద అమ్మలూ, ఆ బటన్ ఏదో నొక్కు" అంది. ఆ రోజు నేను తోడెళ్ళాను. తర్వాత నా అవసరం రాలేదు. అవ్వ వచ్చినా రాకపోయినా నాయనమ్మ పొద్దున్నే దీపం పెట్టి, కాఫీ తాగి, లిఫ్టులో దిగి ఆ బల్ల మీద కూర్చునేది. నన్నెవరు ఎరుగుదురు అని ఏడ్చిన మనిషి, ఆ ఏడాది తిరిగేసరికి అపార్టుమెంటులో ఎవరింట్లో ఏ కూరో చెప్పగలిగేది. నన్ను మాత్రం ఇప్పటికీ అక్కడివాళ్ళు ఆవిడ మనవరాలిగానే గుర్తుపడతారు.

నాయనమ్మ ఇప్పుడు లేదు. ఆ బల్ల ఉంది. నాకిప్పుడు ఐడీ కార్డు మెడలో వేసుకోవాలంటే విసుగు. ఆఫీసు నుంచి మెట్రోలో వస్తూ కిటికీకి తలానించి ఏదో ఆలోచనలో పడతానా, యూసుఫ్‌గూడ దాటిపోతుంది. అమీర్‌పేట అనగానే కాళ్ళు వాటంతటవే లేచి దిగిపోతాయి. దిగాక తిరుగు రైలు ఎక్కడం మర్యాద. కానీ ఎలాగూ వచ్చాం కదా అని ఆ సందులోకి నడుస్తాను, మూడంతస్తులూ ఎక్కుతాను (ఈ మధ్య మోకాళ్ళు నాకూ గుర్తుచేస్తున్నాయి), గుమ్మం బయట ఆగుతాను.

అవ్వ తలుపు తీసి ఎప్పుడూ ఒకటే మాట అంటుంది. "నీ ఇంటికొచ్చి గట్ల బయట నిలబడ్డవేంది బిడ్డా?"

సామాను లారీలో వచ్చింది, మేం పంచాంగం ప్రకారం ఎప్పుడో వచ్చేశాం. నా కాళ్ళకు మాత్రం ముహూర్తం ఇంకా కుదిరినట్టు లేదు.