నెల్లూరు అన్నందుకు నోటీసు

ముందే ఒప్పుకుంటున్నాను. నేను పిల్లిని చూసి వచ్చి చెబితే వినేవాళ్లు పులి అనుకుని తలుపులు వేసుకుంటారు. అందుకని ఇందులో పొడుగులు, బరువులు, జనం లెక్కలు కనిపిస్తే సగానికి సగం కొట్టేసుకోండి. భయాన్ని మాత్రం కొట్టేయకండి. అది ఉన్నంతే రాశాను.

తొంభైలలో, ఓటర్లకు ఫోటో కార్డులు కొత్తగా ఇస్తున్న రోజులు. మద్రాసు పురసవాక్కంలో మా ఇంటికి ఒక గుమాస్తా వచ్చాడు. చంకలో దూడంత రిజిస్టరు. పేర్లూ వయసులూ రాసుకున్నాక మా అమ్మని తమిళంలో అడిగాడు.

"సొంద ఊరు ఎదమ్మా?"

మా ముత్తాత నాటికే ఈ ఊళ్లో పాతబడిపోయిన కుటుంబం మాది. అయినా మద్రాసు తెలుగువాళ్లని నిద్రలేపి అడిగినా సొంత ఊరు మద్రాసు అనరు. అలా అంటే వేరు లేని చెట్టన్నట్టు. మా అమ్మ నెల్లూరును చూసింది ఒక్కసారే, బెజవాడ పెళ్లికి పోతూ, రైలు కిటికీలోంచి.

"మాది నెల్లూరు నాయనా," అంది గర్వంగా. అతను రాసుకున్నాడు.

పది రోజులకి నోటీసు వచ్చింది. మీరు పరాయి ఊరివాళ్లని తెలుస్తోంది, నివాసం రుజువు చేసుకోకపోతే ఇంటిల్లిపాది పేర్లూ జాబితాలోంచి తీసేస్తాం అని.

"ఏందిమా ఇట్ట చేస్తివి?"

"నేనేం చేస్తిరా? ఊరడిగినాడు, చెప్పినా. ఈడ ఉండబట్టే గదా ఈడికొచ్చి అడిగినాడు!"

నా గుండె చప్పుడు వీధి చివర చీరల షాపులో బొమ్మలకి కూడా వినిపించి ఉంటుంది. ఒక్క మాట ఒక గడిలో పడేసరికి ఇన్ని తరాల కాపురం బాటసారుల మజిలీ అయిపోయింది. ఇవాళ ఓటు. రేపు రేషన్ కార్డు. ఎల్లుండి ఇంటి ఓనరు. పక్క వీధిలో సిలోన్ నుంచి వచ్చి అద్దెకుంటున్న ఒకాయన దగ్గర, ఇక్కడ ఉండనిచ్చే అనుమతి కాగితం ఒకటి ఉండేది. పోలీస్ స్టేషన్‌లో చూపించి వస్తుండేవాడు. కాగితం ఆయన జేబులో ఉన్నట్టు కాదు, ఆయనే కాగితం జేబులో ఉన్నట్టు నడిచేవాడు. కార్డంటే అంతవరకూ నాకు ఫోటో అంటించిన అట్టముక్క. ఆ రోజు నుంచి పుట్టిన వీధిలో నడుస్తూ కూడా జేబు తడుముకునేవాణ్ణి.

కార్పొరేషన్ స్కూల్లో విచారణ. క్యూ ఊరి అవతల అంబత్తూరు దాకా ఉంది. తాత మరణ సర్టిఫికెట్, నాన్న బడి సర్టిఫికెట్, కరెంటు బిల్లు అధికారి ముందు పరిచాను.

"నెల్లూరులో మీకెవరున్నారు?" అన్నాడు తమిళంలో.

"ఎవరూ లేరు సార్. ఊరు చెప్పుకోడానికే ఉంది."

ఆయన నవ్వలేదు. మా అమ్మ వైపు తిరిగి, "మీరు చెప్పండమ్మా, సొంత ఊరు ఏది?"

ఏం చెప్పాలో దారంతా నేనే నేర్పించాను. "మద్రాసే సార్," అంది. వీధి ఆ మూల కూరగాయలమ్మిని ఈ మూలకి పిలిచే గొంతు ఆమెది. ఆ మాట పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు.

అధికారి నెల్లూరును ఎర్రసిరాతో కొట్టేసి, ఫోటోకి స్టూలు చూపించాడు. అప్పుడు నేను లేచాను.

"కూర్చోను సార్! ఒక్క గీతతో కొట్టేశారు, ఇంకో గీతతో మమ్మల్నీ కొట్టేయొచ్చు. ఈ రిజిస్టరు ఎవరెవరు చూస్తారు? ఎక్కడ దాస్తారు? నేను ఎవరో చెప్పడానికి నా ఊళ్లో నాకు కార్డెందుకు? జవాబు చెప్పేదాకా నా మొహం మీకివ్వను!" ఏడువందల మంది చప్పట్లు కొట్టారు. అధికారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఇక కల్పించింది ఏదో చెప్పాలి. రిజిస్టరు నిజంగానే పెద్దది. క్యూ అంబత్తూరు దాకా కాకపోయినా బడి గేటు దాటిన మాట నిజమే. కల్పించింది నేను లేచానన్నది. ఆ ప్రశ్నలన్నీ అప్పుడు నా నోట్లోనే ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. నేనన్నది "సరి సార్" అని మాత్రమే. స్టూలు మీద కూర్చున్నాను. ఫోటో తీసే అతను కదలొద్దన్నాడు. కదల్లేదు.