మూడో వంపు మట్టి

మా ఆయన జయప్రకాశ్ ఖమ్మంలో కాలేజీ లెక్చరర్. నలభై ఆరేళ్ల వయసులో పీహెచ్‌డీ మొదలుపెట్టారు. ఇల్లందు అవతల అడవి వాగుల్లో అడుగు మట్టి తీసి, అందులో సీసం లాంటి లోహాలు ఎంత చేరాయో తేల్చడం ఆయన పని. నేను ఏడో తరగతితో ఆపేసినదాన్ని. నాకు అర్థమైనంతే రాస్తున్నాను.

ఆదివారాలు బండి మీద వెళ్లి, ప్లాస్టిక్ చెంచాతో మట్టి తీసి సంచుల్లో తెచ్చేవారు. ఇనుప గరిటె తగిలినా లెక్క తప్పుతుందట. ఖానాపురం హవేలిలో మా ఇంటి వరండాలో కాగితాలు పరిచి ఆరబెట్టేవాళ్లం. ఆరిన మట్టిని నైలాన్ జల్లెడ పట్టడం నా వంతు. ముందు నా గాజులు, ఉంగరం తీయించేవారు.

"మెట్టెలు గూడ తియ్యమంటరా?" అన్నానోసారి.

"కాళ్లతోటి జల్లిస్తవా ఏంది?" అని నవ్వారు.

ఇల్లంతా బురద వాసన. అప్పుడు విసుక్కునేదాన్ని.

ఒక చలికాలం, ఓ వాగు మూడో వంపు దగ్గర తెచ్చిన మట్టిలో సీసం విపరీతంగా ఉందని తేలింది. అక్కడి గూడెం వాళ్లు ఆ వంపులోనే ఇసుకలో చెలమ తోడుకుని నీళ్లు తాగుతారు. మర్నాడే వెళ్లి తాగొద్దని చెప్పి వచ్చారు. ఆడవాళ్లు దూరాన ఉన్న బోరింగు నుంచి బిందెలు మోయడం మొదలుపెట్టారు. ఆయన థీసిస్ అంతా ఆ ఒక్క వంపు మీదే నిలబడింది.

కానీ ఆయనకు మనసు కుదుటపడలేదు. దాని పైనా కిందా మట్టి బాగానే ఉంది. ఎండాకాలంలో మళ్లీ తెచ్చి, తానే జల్లించి పరీక్ష చేయించారు. సీసం లేదు. మిగిలిన పాత మట్టిని భూతద్దం కింద పెడితే ఎర్రటి నలుసులు కనిపించాయట.

"లతా, ఆ మట్టి శుక్రవారం జల్లించినవ్ గదా? గడపకు బొట్లు పెట్టినంకనా?"

"అవ్. చెయ్యి కొంగుకు తుడుసుకొని కూసున్న."

నా కుంకుమ డబ్బా పట్టుకెళ్లి పరీక్ష చేయించారు. సంతలో కొన్న ఆ కుంకుమ ఎరుపులోనే సీసం ఉంది. గాజులు తీయించిన మనిషికీ కుంకుమ తట్టలేదు, నాకూ తట్టలేదు.

"థీసిస్ అయిపోవచ్చింది, ఊకోరాదుండ్రి," అన్నాను ఏడుస్తూ.

"ఆడోళ్లు బిందెలు మోస్తున్నరు లతా," అన్నారు.

సీసం వాగులోది కాదు, నీళ్లు తాగొచ్చని చెప్పడానికి నన్నూ వెంట తీసుకెళ్లారు. గూడెంలో పెద్దామె ముత్తక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "మా వాగు మంచిదేనంటే ఇన్నవా సారూ? నాలుగు నెలలు మా నడుములిరగ్గొట్టినవ్!"

"తప్పు నాదమ్మా, నా కుంకుమది," అన్నాను.

నా మొహం తేరిపార చూసింది. "గంత ఇసం నొసట పెట్టుకొని తిరుగుతున్నవా? వాగును గాదు, ముందు నిన్ను దవాఖానల జూపియ్యాలె!" గూడెమంతా నవ్వింది. ఆయనా నవ్వారు.

వానలు వెలిశాక అన్ని వంపుల్లో మళ్లీ మట్టి తీసి, థీసిస్ కొత్తగా రాయాలన్నారు గైడు. ఆ శ్రావణంలోనే ఆయన గుండె ఆగిపోయింది. నా చెయ్యి వల్లే ఆయన పని సగంలో నిలిచిందని ఏడాదిన్నరగా అనుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు నా వేళ్లకు ఏ రంగూ అంటదు. జల్లించమని మట్టి తెచ్చేవారే లేరు.

మొన్న జనవరిలో ఆయన విద్యార్థిని మనోజ్ఞ వచ్చింది. "సార్ పని నేను పూర్తి చేస్త ఆంటీ. ఆ మూడో వంపు ఏదో మీరే చూపియ్యాలె."

వెళ్లాం. ముత్తక్క ఎదురొచ్చి, "సారేడీ?" అంది. నా నొసలు చూసి ఆమే ఆగిపోయింది. నా మణికట్టు పట్టుకుని వాగులోకి నడిపించింది.

"గీడనే. మోకాళ్ల మీద కూసొని తీసేటోడు."

నేనూ అలాగే కూర్చున్నాను. నీళ్లు చీరను లాగుతున్నాయి. చెంచా కిందికి దిగగానే మెత్తగా, చల్లగా మట్టి వచ్చింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి.

"సంచి నిండింది ఆంటీ, చాలు," అంది మనోజ్ఞ.

నాకు లేవబుద్ధి కాలేదు.